మెడ పూస జరిగిందా? ముందు చెవి సంగతి చూడండి

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 43 ఏళ్ళు. తణుకు దగ్గర పల్లెలో ఉంటాం. ఇంట్లోనే మెషిన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. ఏడాదిగా కుడి వైపు మెడ వెనక నొప్పి మొదలై, చెవి వెనక నుంచి పాకి కంటి వెనక దాకా వస్తోంది. పెళ్ళిళ్ళ సీజన్లో మరీ ఎక్కువ. రెండు నెలలుగా ఇంకోటి తోడైంది. తెల్లవారుజామున కుడి పక్కకు ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. అటక మీద డబ్బా తీయబోయి తల పైకెత్తినా అంతే. కళ్ళు మూసుకుని ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు తగ్గిపోతుంది. అప్పుడప్పుడు వికారం కూడా ఉంటోంది. మా ఊళ్ళో డాక్టరు గారు స్పాండిలైటిస్ అని నొప్పి మాత్రలు, తల తిరుగుడు మాత్రలు రాశారు. మా అబ్బాయి ఫోన్లో మెడ టక్కుమనిపించే వీడియోలు చూసి విజయవాడలో ఒక సెంటర్‌కి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఎక్స్‌రే తీసి, దాని మీద ఎర్ర గీతలు గీసి, "మెడలో మొదటి పూస పక్కకు జరిగింది, తలనొప్పికీ తల తిరగడానికీ అదే కారణం, 24 సిట్టింగుల్లో సర్దేస్తాం" అన్నారు. ముప్పై వేలు అవుతుందట. మూడు వేలు అడ్వాన్సు కట్టాం. మా ఆయన చేయించుకోమంటున్నారు. మా అత్తగారు మాత్రం మెడ మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వొద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ అత్తగారి మాట వినండమ్మా. అలాగని మెడకూ మీ బాధకూ సంబంధం లేదని నేననను. ఉత్తరం చదివితే మీకు రెండు వేర్వేరు బాధలున్నట్టు అనిపిస్తోంది. తలనొప్పి మెడ నుంచి వస్తుండొచ్చు. తల తిరగడం మాత్రం దాదాపుగా చెవి నుంచి. రెండిటికీ కలిపి ఒకే కారణం, ఒకే వైద్యం, ఒకే ప్యాకేజీ అనడంతోనే నాకు అనుమానం వచ్చింది.

తల తిరగడంతో మొదలుపెడతాను, త్వరగా తేలేది అదే. మన వాళ్ళు ఓపీకి వచ్చి "కళ్ళు తిరుగుతున్నాయి" అంటారు. ఆ ఒక్క మాటలో మూడు నాలుగు రకాల బాధలు దాగుంటాయి. కూర్చున్నవాళ్ళు గభాల్న లేచినప్పుడు కళ్ళు బైర్లు కమ్మడం ఒకటి. అది ఎక్కువగా బీపీ పడిపోవడం వల్ల, రక్తం తక్కువగా ఉండటం వల్ల వస్తుంది. నడుస్తుంటే తూలుతున్నట్టు, నేల మెత్తగా ఉన్నట్టు అనిపించడం ఇంకొకటి. చుట్టూ ఉన్న గోడలు, ఫ్యాను గిరగిరా తిరగడం మూడోది. మీరు రాసింది ఈ మూడోది. పైగా ఎప్పుడు వస్తుందో, ఎంతసేపుంటుందో కూడా రాశారు. ఒత్తిగిలినప్పుడు, తల పైకెత్తినప్పుడు వస్తుంది, నిమిషం లోపే పోతుంది. సగం రోగనిర్ధారణ మీరే చేసి పంపారు.

దీన్ని మేం బీపీపీవీ అంటాం. (ఈ పేరు చెప్పి పంపిస్తే ఇంటికెళ్ళి "బీపీ ఉందన్నారు" అని చెప్పేవాళ్ళున్నారు. బీపీతో దీనికి సంబంధం లేదు.) చెవి లోపలి భాగంలో, మనం ఎటు వంగుతున్నామో మెదడుకు తెలియజేసే ఒక చిన్న సంచీలో సున్నపు కణాలు అంటుకుని ఉంటాయి. సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే అది. వయసుతోనో, తలకు దెబ్బ తగిలో, చాలాసార్లు ఏ కారణమూ లేకుండానో వాటిలో కొన్ని ఊడి, పక్కనే ఉన్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారతాయి. అక్కడ వాటికి పనిలేదు. మీరు పక్కకు తిరిగినప్పుడల్లా ఆ గొట్టంలోని ద్రవంలో దొర్లుతాయి. తల ఆగిపోయినా అవి ఇంకా దొర్లుతూనే ఉంటాయి కాబట్టి, ఇల్లు తిరుగుతోందని మెదడు పొరపాటు పడుతుంది. కణాలు అడుక్కు చేరగానే తిరగడం ఆగిపోతుంది. మీరు లెక్కపెట్టే ఇరవై అంకెలకు అర్థం అదే.

దీన్ని తేల్చడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, ఎమ్మారై కూడా అక్కర్లేదు. ఒక మంచం చాలు. మంచం మీద కూర్చోబెట్టి, తలను కుడి వైపుకు 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం కిందికి వాలేలా పట్టుకుని కళ్ళలోకి చూస్తాం. బీపీపీవీ అయితే కొన్ని సెకన్ల తర్వాత కనుగుడ్లు ఒక ప్రత్యేకమైన తీరులో అదురుతాయి. దీన్ని డిక్స్–హాల్‌పైక్ పరీక్ష అంటారు. 1952 నుంచీ ఉంది. పాజిటివ్ అయితే అదే మంచం మీద తలను నాలుగు భంగిమల్లో నెమ్మదిగా తిప్పుతూ కణాలను మళ్ళీ పాత చోటికి జార్చేస్తాం. ఇది ఎప్లీ పద్ధతి. జాన్ ఎప్లీ అనే అమెరికా ఈఎన్‌టీ సర్జన్ కనిపెట్టాడు. ఇంత తేలిక వైద్యంతో ఇంత భయపెట్టే జబ్బు తగ్గుతుందంటే మొదట్లో తోటి డాక్టర్లే నమ్మలేదు. మొత్తం పది నిమిషాల పని. ఎక్కువ మందికి ఒకటి రెండు సార్లలో తగ్గిపోతుంది. కొందరికి కొన్ని నెలలకో, ఏడాదికో మళ్ళీ రావచ్చు, మళ్ళీ అదే వైద్యం. తరచూ వస్తుంటే విటమిన్ డి చూపించుకోవడం మంచిది.

తణుకులోనో భీమవరంలోనో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, "ఒత్తిగిలితే తిరుగుతోంది, ఆ పరీక్ష చేస్తారా" అని నోరు తెరిచి అడగండి. మెడ నొప్పి సంగతి కూడా ముందే చెప్పండి, తలను పట్టుకునేటప్పుడు జాగ్రత్తపడతారు. మొదటిసారి ఫోన్లో చూసి సొంతంగా చేసుకోవద్దు. ఏ చెవో, ఏ గొట్టమో తేలకుండా తిప్పితే ఫలితం ఉండదు.

మీకు రాసిన తల తిరుగుడు మాత్రల గురించి ఒక మాట. బీపీపీవీని అవి తగ్గించవు, కణాలను జరిపే మాత్ర ఏదీ లేదు. వాంతులు ఎక్కువగా ఉన్నప్పుడు రెండు మూడు రోజులు వాడితే తప్పులేదు. నెలల తరబడి వాడితేనే చిక్కు. ముఖ్యంగా సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ మందులు ఎక్కువ కాలం వాడినవాళ్ళలో, అందులోనూ పెద్దవాళ్ళలో, చేతులు వణకడం, నడక మందగించడం చూస్తుంటాం. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని వచ్చినవాళ్ళకు ఈ మాత్ర మాన్పిస్తే కొన్ని వారాల్లో కుదుటపడిన సందర్భాలు నా దగ్గరే ఉన్నాయి. మీ చీటీలో ఏ పేరుందో చూసి, రాసిన డాక్టరుతో మాట్లాడి మానేయండి.

ఇక మెడ, తలనొప్పి.

పుర్రెను మోసే మొదటి పూసను అట్లాస్ అంటారు. గ్రీకు పురాణంలో ఆకాశాన్ని భుజాల మీద మోసేవాడి పేరది. మనవాళ్ళు పెట్టి ఉంటే ఆదిశేషుడనే పెట్టేవాళ్ళేమో. ఇది ఉంగరంలా ఉంటుంది. దాని కిందిది యాక్సిస్. యాక్సిస్ నుంచి ఒక పన్ను లాంటి ఎముక పైకి లేచి ఈ ఉంగరంలో దూరుతుంది, దాని చుట్టూ అట్లాస్ తిరుగుతుంది. మన తల అటూ ఇటూ తిరిగే తిరుగుడులో దాదాపు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరుగుతుంది. పుర్రెకూ అట్లాస్‌కూ మధ్య, అట్లాస్‌కూ యాక్సిస్‌కూ మధ్య డిస్క్ ఉండదు. ఆ పన్ను వెనక్కి జారి వెన్నుపామును నొక్కకుండా ఒక గట్టి అడ్డపట్టీ కట్టిపెట్టి ఉంటుంది.

మెడ పైభాగంలో ఇబ్బంది ఉంటే నొప్పి కంటి వెనక ఎందుకొస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు. పై మూడు మెడ నరాలూ, ముఖం నుంచి, నుదుటి నుంచి కబురు తెచ్చే నరమూ వెళ్ళి మెదడు కాండంలో ఒకే చోట కలుస్తాయి. ఒకే బస్టాండుకు రెండు ఊళ్ళ బస్సులు వచ్చినట్టు. ఏ బస్సు ఏ ఊరిదో మెదడుకు తేడా తెలియక, మెడలో పుట్టిన నొప్పిని కంటి దగ్గరదని చెబుతుంది. అందుకే మెడ నుంచి తలనొప్పి రావడం అబద్ధం కాదు. దానికి సర్వైకోజెనిక్ హెడేక్ అని పేరుంది, అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో చోటు కూడా ఉంది. ఒకే వైపు రావడం, మెడ వెనక మొదలై ముందుకు పాకడం, మెడ ఒకే తీరులో ఎక్కువసేపు ఉంచితే పెరగడం, మెడ తిరగడం తగ్గడం దీని తీరు. గంటల తరబడి సూది మీదికి వంగి, కుడి చేత్తో గుడ్డ లాగుతూ కుట్టేవాళ్ళకు ఇది రావడంలో వింత లేదు.

కానీ ఇక్కడొక తేడా ఉంది. ఆ కీళ్ళూ, వాటి చుట్టూ కండరాలూ అలిసి బిగుసుకుపోవడం వేరు, పూస చోటు తప్పడం వేరు. మీకు చెప్పింది రెండోది. మీకున్నది బహుశా మొదటిది.

పూస జరిగిందన్న సిద్ధాంతానికి పెద్ద చరిత్రే ఉంది. 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన ఒక మనిషి వెన్ను సర్ది చెవుడు పోగొట్టానని చెప్పుకున్నాడు. వెన్నుపూసలను చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ వైద్యం అలా మొదలైంది. వెన్నుపూసలు కొద్దికొద్దిగా జరిగి నరాలను నొక్కితే దాదాపు అన్ని జబ్బులూ వస్తాయన్నది ఆయన వాదం. కొడుకు బి.జె. పామర్ ఇంకో అడుగు ముందుకేసి, మెడలోని పై పూస ఒక్కటి సర్దితే చాలన్నాడు. మీరు వెళ్ళిన సెంటర్‌లో చెప్పిన మాటలు అక్కడివే. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే వాళ్ళ సొంత కౌన్సిలే 2010లో ఈ జరిగిన పూసల సిద్ధాంతాన్ని చారిత్రక భావనగా పేర్కొని, అది జబ్బులకు కారణమని చెప్పుకోవడానికి పరిశోధనల ఆధారం లేదని ప్రకటించింది.

మరి ఎక్స్‌రేలో కనిపించిందే అంటారు. యాక్సిస్ నుంచి లేచే ఆ పన్నుకు కుడి పక్క ఖాళీ ఎంత, ఎడమ పక్క ఎంత అని గీతలు గీస్తారు. ఎక్స్‌రే తీసే క్షణంలో మీరు తల రవ్వంత పక్కకు తిప్పినా ఆ రెండు ఖాళీలూ సమానంగా రావు. ఏ బాధా లేనివాళ్ళకు తీసినా చాలామందికి ఆ తేడా కనిపిస్తుంది. రిపోర్టులో "మెడ సహజమైన వంపు తగ్గింది" అని ఉంటే దానికీ భయపడకండి. నాది తీసినా అలాగే రావచ్చు. స్పాండిలైటిస్ అన్న మాట కూడా అంతే. నలభై దాటినవాళ్ళ మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపించడం జుట్టు నెరవడం లాంటిదే. నెరిసిన జుట్టు వల్ల తల తిరుగుతోందని ఎవరూ అనరు కదా.

సర్దుతున్నప్పుడు వచ్చే ఆ టక్కు శబ్దం ఎముక చోటికి చేరిన శబ్దం కాదు. కీలును చటుక్కున లాగినప్పుడు లోపలి ద్రవంలో గాలి బుడగ ఏర్పడే చప్పుడు. 2015లో కెనడాలో వేళ్ళు విరుస్తుండగా ఎమ్మారై తీసి ఆ బుడగను చూపించారు. చిన్నప్పుడు కటింగ్ అయ్యాక మా ఊరి సెలూన్లో మెడ విరిపించుకోకుండా నేను కుర్చీ దిగేవాణ్ణి కాదు. హాయిగానే ఉండేది. ఆ హాయి అబద్ధం కాదు గానీ, దానర్థం పూస సర్దుకుందని కాదు. మెడిసిన్ చదివాక మానేశాను.

ఎందుకు మానేశానంటే, మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు ఈ మెడ పూసల్లోని రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. అట్లాస్ దగ్గర అవి ఒక మెలిక తిరుగుతాయి. మెడను వేగంగా, బలంగా తిప్పినప్పుడు అరుదుగా ఆ ధమని లోపలి పొర చిరుగుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి, గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ఇది చాలా అరుదు. ముందే ధమని చిరిగినవాళ్ళు ఆ మెడనొప్పితోనే మెడ సర్దించుకోవడానికి వెళ్తుండొచ్చని, తప్పంతా మెడ తిప్పినవాళ్ళదే కాకపోవచ్చని పరిశోధకుల్లో వాదన కూడా ఉంది. ఆ వాదనలో న్యాయం ఉంది. అయినా అనుమానం ఉన్నప్పుడు మెడ తిప్పకపోవడమే మేలు. 2022లో హైదరాబాద్‌లో పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న ఒకావిడకు స్ట్రోక్ వచ్చిందని పత్రికల్లో చదివే ఉంటారు. దారి ఇదే, రక్తనాళం.

ఆ వీడియోల్లో లేచి కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తగ్గిందనేవాళ్ళంతా నటిస్తున్నారని కూడా నేననను. బీపీపీవీ చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అదీకాక, బల్ల మీద పడుకోబెట్టి తలను అటూ ఇటూ తిప్పే క్రమంలో ఆ చెవి కణాలు అనుకోకుండా చోటికి జారినా జారొచ్చు. పేరు మాత్రం అట్లాస్‌కు వస్తుంది. ఇక తలనొప్పి విషయంలో, నార్వేలో 104 మంది మైగ్రేన్ రోగుల మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. కొందరికి నిజంగా వెన్ను సర్దారు, కొందరికి సర్దినట్టు నటించారు. రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గింది.

పూస నిజంగానే చోటు తప్పే జబ్బులు ఉన్నాయి. వాటిని దాచి మాట్లాడకూడదు. ఏళ్ళ తరబడి రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఆ అడ్డపట్టీ వదులవుతుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో పుట్టుకతోనే వదులుగా ఉండొచ్చు. పెద్ద ప్రమాదంలో మెడకు దెబ్బ తగిలినా, మన దగ్గర టీబీ ఆ కీలుకు పాకినా జరుగుతుంది. అప్పుడు కనిపించేవి వేరు. చేతులు మొద్దుబారి బొత్తాలు పెట్టుకోలేకపోవడం, దారం సూదిలో ఎక్కించలేకపోవడం, కాళ్ళు బిగుసుకుని నడక తడబడటం, తల వంచితే వీపులోంచి కరెంటు పాకినట్టుండటం, మూత్రం మీద అదుపు తప్పడం. మీకు చేతివేళ్ళ కీళ్ళు పొద్దున్నే వాచి బిగుసుకుంటాయా? ఈ లక్షణాల్లో ఏదైనా ఉందా? ఉంటే న్యూరాలజిస్టును కలవాలి, ఎమ్మారై తీయించాలి. నిజంగా జరిగిన పూసను చేత్తో టక్కుమనిపించడం ఎంత ప్రమాదమో ఇక వేరే చెప్పక్కర్లేదు. అందుకే అంటున్నాను, పూస జరక్కపోతే సర్దడం అనవసరం, జరిగితే సర్దడం ప్రాణాపాయం.

ఇవి కాక ఒక్కసారిగా ఇంతకుముందెన్నడూ లేనంత తలనొప్పో మెడనొప్పో వచ్చినా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా, మూతి వంకర పోయినా, తిరుగుడు నిమిషాల్లో తగ్గక గంటల తరబడి నిలబడలేకపోయినా ఎవరి అభిప్రాయం కోసమూ చూడకుండా 108కి ఫోన్ చేసి స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి.

మీరు వికారం అని రాశారు గానీ, అది ఇల్లు తిరిగినప్పుడా, తలనొప్పి వచ్చినప్పుడా అన్నది రాయలేదు. నాకు ఇది ముఖ్యం. తిరిగినప్పుడైతే మామూలే. తలనొప్పితో కలిసి వికారం, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం ఉంటే అది మైగ్రేన్ కావచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ముందు మెడే పట్టేస్తుంది. అదైతే మందులు వేరు. ఒక పాత క్యాలెండర్ మీద నెల రోజులు గుర్తు పెట్టండి: నొప్పి వచ్చిన రోజు, ఏ వైపో, వికారం ఉందా, మాత్ర వేసుకున్నారా. ఆ చివరిది మరిచిపోవద్దు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకు 10 రోజులు దాటి మూడు నెలలు వాడితే, ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెప్పించడం మొదలుపెడతాయి.

మెడ నుంచే అని తేలితే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి తలను పక్కకు తిప్పి చూస్తారు. మామూలుగా 45 డిగ్రీల దాకా తిరగాలి, మీకు కుడి వైపు బాగా తక్కువగా ఉండొచ్చు. 2002లో ఆస్ట్రేలియాలో గ్వెన్ జల్ బృందం 200 మంది మీద చేసిన పరీక్షలో, మెడ లోపలి కండరాలను బలపరిచే తేలికపాటి వ్యాయామాలతో ఈ రకం తలనొప్పి తగ్గింది, ఏడాది తర్వాత కూడా ఆ ఫలితం నిలిచింది. చేత్తో చేసే వైద్యం కూడా అందులో పనిచేసింది. అందుకే ఫిజియో మెడ మీద నెమ్మదిగా చెయ్యి వేస్తే కంగారుపడకండి, ఒక్క ఊపున మెలితిప్పడం మాత్రం వద్దనండి.

ఆ వ్యాయామం చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. వెల్లకిలా పడుకుని, తల కింద మడిచిన టవల్ పెట్టుకుని, తల ఎత్తకుండా "ఊఁ" అని తల ఆడించినంత మెల్లగా గడ్డం లోపలికి లాగి పది సెకన్లు ఉంచాలి. పదిసార్లు, రోజుకు రెండు పూటలా. మెడ ముందు కండరాలు బిగుసుకుని పైకి తేలితే ఎక్కువ బలం పెట్టినట్టు. ఆరు వారాలు పడుతుంది. ఈఎన్‌టీ దగ్గర తిరుగుడు సంగతి తేలాకే మొదలుపెట్టండి, లేకపోతే పడుకున్నప్పుడు ఇల్లు తిరిగి వ్యాయామం మీదే విరక్తి పుడుతుంది.

మెషిన్ సంగతి మీకే బాగా తెలుసు, ఒకటి రెండు చెబుతాను. కుర్చీ ఎత్తుగా ఉంటే తల ఎక్కువ వంగుతుంది. కుర్చీ తగ్గించండి, లేదా మెషిన్ కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తండి. సూది దగ్గర ఒక చిన్న ఎల్ఈడీ లైటు బిగిస్తే కళ్ళు చికిలించుకుని ముందుకు వాలే అవసరం తగ్గుతుంది. నలభై దాటాయి, దగ్గరి చూపు పరీక్ష చేయించుకున్నారా? కళ్ళజోడు లేక మెడ వంచుతున్నవాళ్ళు ఎందరో. హుక్కులు, చేతికుట్టు పని ఒళ్ళో పెట్టుకోకుండా దిండు మీద పెట్టుకోండి. ఒక బ్లౌజు అయ్యాక ఇంకోటి తీసేముందు లేచి నాలుగడుగులు వేయండి.

అడ్వాన్సు మూడు వేల గురించి. రసీదు ఉంటే అబ్బాయిని పంపించి, డాక్టరు వద్దన్నారని చెప్పి మర్యాదగా అడగమనండి. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేకంగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు కాబట్టి వైద్య మండలికి ఫిర్యాదు అంటే తేలదు. కానీ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎక్స్‌రే ఫిల్ము మాత్రం అడిగి తెచ్చుకోండి, ఎర్ర గీతలున్నా పర్వాలేదు. ఈఎన్‌టీ డాక్టరు పరీక్ష చేశాక ఏ చెవి అన్నారో, వికారం ఎప్పుడు వస్తోందో నాకు మళ్ళీ రాయండి.